మూడే సీట్లు మిగిలాయి మేడమ్

రోబోటిక్స్‌లో మూడు సీట్లే మిగిలాయట. మార్చి 15న ఒంటిపూట బడులు మొదలైనప్పుడూ మూడే. ఉగాది పచ్చడి నోట్లో పెట్టుకోబోతుంటే ఫోను మోగింది, అప్పుడూ మూడే. శ్రీరామనవమి పానకం గొంతు దిగకముందే మళ్లీ మోగింది, అప్పటికీ మూడే. ద్రౌపది అక్షయపాత్ర కూడా ఆవిడ తిన్నాక ఆ పూటకి ఖాళీ అయ్యేదట. ఈ సీట్లకి ఆ నియమం కూడా లేదు.

ఫోను చేసే అమ్మాయిది మంచి గొంతు. పాపం, నా కోసం సీటు ఆపి ఉంచి, మేనేజరు చేత మాటలు పడుతోందట. "బాబుకి దేంట్లో ఇంట్రెస్ట్ మేడమ్?" అని మొన్న అడిగింది. ఉన్నమాట చెప్పాను. ఫ్యాను కింద వెల్లకిలా పడుకుని, కాళ్లు గోడకి ఆనించి, ఏమీ చెయ్యకుండా ఉండటంలో మా వాడికి అపారమైన ఇంట్రెస్టు, పట్టుదల కూడా ఎక్కువే అన్నాను. "అంటే క్రియేటివ్ మేడమ్! అలాంటి పిల్లల కోసమే మా దగ్గర కాంబో ఉంది" అంది. రెప్పపాటు ఆలస్యం లేదు. మాటకారితనం నేర్పే క్యాంపుకి ఈ అమ్మాయిని టీచరుగా పెడితే మారుమాట లేకుండా ఇద్దర్నీ పంపేస్తాను.

ఇద్దరంటే, పెద్దాడు అయిదో తరగతి, చిన్నది ఒకటి. అంటే 'సిబ్లింగ్ డిస్కౌంట్'కి అర్హులం. కవలలైతే ఇంకా బాగుండేదన్నట్టు మాట్లాడింది.

రైలు టిక్కెట్లు ఒకప్పుడు 120 రోజుల ముందు తీసుకునేవాళ్లం. అంత ముందుగా ఎవరి ప్రయాణం ఏమవుతుందో ఎవరికి తెలుసు అనుకున్నారేమో, 2024 నవంబరు నుంచి రైల్వేవాళ్లు దాన్ని 60 రోజులకి తగ్గించారు. క్యాంపుల వాళ్లకి ఆ అనుమానాలేమీ లేవు. సంక్రాంతి ముగ్గులు చెరక్కముందే 'ఎర్లీ బర్డ్' అంటూ దిగిపోయారు. పేపరు మడతలోంచి ఒక కాగితం, లిఫ్టు అద్దం మీద ఒక కాగితం, చివరికి ఇస్త్రీ నుంచి వచ్చిన బట్టల మూటలో, మా వారి చొక్కా కాలరు కింద, ఒక కాగితం. అన్నిటి మీదా ఒకే పిల్లాడు. కళ్లజోడు పెట్టుకుని, తెల్లకోటు వేసుకుని, గాజుగొట్టంలో నీలంరంగు నీళ్లు పట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటాడు. ఆ పిల్లాణ్ణి నేను ఏ క్యాంపులోనూ చూడలేదు, ఏ వీధిలోనూ చూడలేదు. వాళ్లమ్మ ఎవరో గానీ, ఏటా వాణ్ణి అన్ని క్యాంపుల్లోనూ వేస్తోంది.

ఇక ఆ కాగితాల్లో ఉండే విద్యలు. అబాకస్, కోడింగు, కాలిగ్రఫీ, కరాటే, కీబోర్డు, కథక్, క్లే మోడలింగు. ఇవన్నీ కలిపితే 'మల్టీ యాక్టివిటీ'. ఏదీ రానక్కర్లేదు, అన్నీ ముట్టుకోవచ్చు. 'పర్సనాలిటీ డెవలప్‌మెంట్' అయిదేళ్ల వయసు నుంచే ఉంది. మా చిన్నదానికి అయిదు నిండి ఏడాదైంది. దాని పర్సనాలిటీ ఇప్పుడున్నంత వరకే మేం తట్టుకోగలుగుతున్నాం. మొన్న వాళ్ల నాన్న చెవిలో "నువ్వు పెద్దయ్యాక ఏమవుతావు?" అని అడిగింది. ఆయన ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

పిల్లలకి ఏది మంచిదో తల్లులు కూర్చుని తేలుస్తారనుకుంటారు చాలామంది. లిఫ్టులో ఒక వారం నిలబడితే తెలుస్తుంది మా పద్ధతి. "మీరు దేంట్లో వేస్తున్నారండీ?" అని నేనడుగుతాను. "ఇంకా ఏమీ అనుకోలేదండీ, మీరు?" అంటారు నాలుగో అంతస్తు ఆవిడ. ఇద్దరిదీ అబద్ధమే. ఆవిడ అప్పటికే స్కేటింగు బూట్లు కొనేసిందని వాళ్ల కొరియరు పెట్టె చెబుతూనే ఉంటుంది. నేను స్విమ్మింగు వాళ్లకి అడ్వాన్సు కట్టేద్దామా అన్న దాకా వచ్చి ఆగాను. ఆ కొలను చూశాక ఆగాను. నీళ్లకన్నా పిల్లలు ఎక్కువున్నారు. మునగటానికి కూడా చోటు లేదు గనక ప్రమాదం లేదని మా వారి అభిప్రాయం. పిల్లలు మాత్రం ఈ దాగుడుమూతలేమీ లేకుండా ఎప్పుడో తేల్చేసుకున్నారు. పై ఫ్లాటు వాడు ఎక్కడికి వెళితే మా వాడు అక్కడికే. పై ఫ్లాటు వాణ్ణి అడిగితే, మా వాడు ఎక్కడికి వెళితే వాడూ అక్కడికే.

పోయినేడు ఎదురింటి కుర్రాడు వేదిక్ మ్యాథ్స్‌కి వెళ్లొచ్చాడు. ఆ పేరు వినగానే ఋషులు నదీతీరాన కూర్చుని హెచ్చవేతలు చేస్తున్నట్టు అనిపిస్తుంది గానీ, ఆ పుస్తకం అచ్చయింది 1965లో. రాసినాయన పూరీ శంకరాచార్యులు భారతీకృష్ణ తీర్థ. పుస్తకం వెలుగు చూడటానికి అయిదేళ్ల ముందే ఆయన పోయారు. అందులోని పదహారు సూత్రాలు మనకి దొరికే వేదాల్లో ఎక్కడా లేవని లెక్కలు తెలిసిన పండితులు అప్పట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నారు. సన్యాసం పుచ్చుకోకముందు ఆయన మన రాజమండ్రిలో కొత్తగా పెట్టిన నేషనల్ కాలేజీకి ప్రిన్సిపాలుగా చేశారు కాబట్టి, ఈ వేదాల్లో కాస్త గోదావరి నీళ్లు కలిశాయని నేను మటుకు సంతోషిస్తుంటాను. కిటుకులైతే మంచివే. 95ని 95తో హెచ్చవెయ్యాలంటే తొమ్మిదిని దాని పై అంకె పదితో హెచ్చవేసి, పక్కన పాతిక రాసెయ్యటమే. 9025. ఎదురింటి వాడు నేను నోరు మూసేలోపు చెప్పేశాడు. ముచ్చటేసి, మరి 96ని 96తో అన్నాను. వాడు నన్ను జాలిగా చూసి, "ఆంటీ, అయిదుతో అయిపోయేవే అడగాలి" అన్నాడు.

డబ్బు సంగతి. మా దగ్గరికొచ్చిన కాగితాల్లో పదిహేను రోజులకి మూడున్నర వేలకి తక్కువ లేదు, పైన ఎంతైనా ఉంది. ఇదే ఊళ్లో జీహెచ్‌ఎంసీ ఏటా ఆటల మైదానాల్లో వేసవి శిబిరాలు పెడుతుంది. ఏళ్ల తరబడి రుసుము మామూలు ఆటకి 10 రూపాయలు, స్కేటింగు, బ్యాడ్మింటను వంటి వాటికి 50. నేను ఈ మాట లిఫ్టులో అన్నాను. లిఫ్టు మొత్తం నిశ్శబ్దమైపోయింది. "పది రూపాయలకి ఏం నేర్పుతారండీ?" అన్నారు నాలుగో అంతస్తు ఆవిడ, చాలా మర్యాదగా, మా ఇంట్లో డబ్బుకి ఏమైనా ఇబ్బందేమో అన్న అనుమానంతో. ఆరువేలకి ఏం నేర్పుతారని మటుకు ఎవరూ అడగలేదు. ఆరువేలే ఒక సమాధానం గదా. పైగా మునిసిపాలిటీ వాళ్ల శిబిరం పొద్దున్న ఆరింటికి మొదలు. పి.టి. ఉష కావాలని అందరికీ ఉంటుంది, అయిదున్నరకి అలారం పెట్టాలని ఎవరికీ ఉండదు. మా ఇంట్లో అసలే ఉండదు.

పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. బొమ్మలు వెయ్యటం, పాట, ఆట అన్నీ తక్కువ రుసుముకే చెబుతారు. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే అసెంబ్లీ స్టేషన్‌లో దిగి నడిచిపోవచ్చు. ఎవరు నడిచిపోవచ్చు అన్నదే చిక్కు. పిల్లలతో పాటు ఎవరో ఒకరు వెళ్లాలి, వాళ్లు తబలా కొడుతున్నంతసేపూ చెట్టు కింద కూర్చోవాలి, మళ్లీ తీసుకురావాలి. అలా కూర్చోగలిగే మనిషే ఇంట్లో ఉంటే ఇక క్యాంపెందుకు?

అసలు నా కడుపుమంటంతా అక్కడే. ఈ రాష్ట్రంలో వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, లెక్కపెడితే 49 రోజులు. నావీ మా వారివీ మిగిలున్న సెలవులన్నీ ఊడ్చి కుప్ప పోసినా అందులో సగానికి రావు. అందులో కూడా ఎవరి పెళ్లికో, ఎవరి పన్నుపోటుకో రెండు దాచుకోవాలి. కాబట్టి పిల్లల్ని ఎక్కడో ఉంచాలి. ఉంచాలి అని నోరు తెరిచి అనకూడదు గనక చేర్పించాలి అంటాం. క్యాంపువాళ్లు మేం చూసుకుంటాం అనకూడదు గనక డెవలప్ చేస్తాం అంటారు. సరే, ఇంత నాటకం ఆడాక అయినా పొద్దస్తమానం ఉంచుకుంటారా? లేదు. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకానట. ఒంటిపూట బడీ పన్నెండున్నరకే వదిలేవారు, ఈ క్యాంపూ పన్నెండున్నరకే. పిల్లల కోసం పెట్టినవన్నీ ఆ వేళకే మూసేస్తారు, ఆఫీసులు మటుకు ఆరింటిదాకా తెరిచే ఉంటాయి. పన్నెండున్నరకి మే నెల ఎండలో ఇద్దరు పిల్లల్ని ఎవరు తీసుకురావాలో ఆ రంగుల కాగితాల్లో ఒక్కదానిలోనూ రాయలేదు. వ్యాను ఉందా అంటే, "పికప్ పేరెంట్స్ రెస్పాన్సిబిలిటీ మేడమ్, బాండింగ్ కూడా పెరుగుతుంది" అంది మూడు సీట్ల అమ్మాయి. మా మేనేజరు ముందు రోజూ పన్నెండింటికి లేచి నిలబడి, బాండింగుకి వెళ్లొస్తానండీ అని చెబుదామనుకుంటున్నాను.

మా అత్తయ్యగారు ఉన్నారు కదా అంటారేమో. ఉన్నారు, ఈ నెలాఖరు దాకా. మేలో బెంగళూరు మా మరిదిగారింటికి. మోకాళ్లు ఆవిడ మాట వినటం మానేసి చాలా కాలమైంది. మా పిల్లలు ఆవిడ మాటా వినరు, మోకాళ్ల మాటా వినరు.

ఆ అత్తయ్యగారి ముందే ఒక సాయంత్రం నేను కాగితాలన్నీ పరిచి గట్టిగా చదువుతున్నాను. 'కుకింగ్ వితౌట్ ఫైర్' దగ్గరికొచ్చాను. పది రోజులు, నాలుగున్నర వేలు. శాండ్‌విచ్, ఫ్రూట్ చాట్, మసాలా మరమరాలు, బిస్కట్ల మీద క్రీము. సామాన్లు తల్లిదండ్రులు పంపాలి. అంటే రొట్టె మనదే, వెన్న మనదే, దోసకాయ మనదే, పిల్ల మనదే. వాళ్లది బల్ల.

"నిప్పు లేకుండా వంటేవిటి?" అన్నారు అత్తయ్యగారు.

"పొయ్యి వెలిగించకుండా చేసేవత్తయ్యా. పిల్లలకి చెయ్యి కాలకుండా."

ఆవిడ కాసేపు ఆలోచించి, "మరి ఇన్నేళ్లూ నేను ఆవకాయ పెట్టటానికి ఏ పొయ్యి వెలిగించానమ్మాయ్?" అన్నారు.

నాకు ఒళ్లు జలదరించింది. నిజమే. ఆవకాయకి నిప్పెక్కడుంది? కాయ పచ్చిదే, ఆవపిండి పచ్చిదే, మెంతులు పచ్చివే, నూనె గానుగ నుంచి తెచ్చినట్టే పోస్తాం. ఉప్పు ఎండలో పెట్టి దంచుతాం, అది సూర్యుడి ఖాతా. ఆ రాత్రి పడుకున్నాక కూడా నాకు అదే గోల. పానకానికి పొయ్యి లేదు. వడపప్పుకి లేదు. పచ్చి చలిమిడికి లేదు. ఉగాది పచ్చడికి లేదు. రాములవారి పెళ్లికే పొయ్యి ముట్టించకుండా ప్రసాదాలు పెట్టిన జాతి మనది. మరి మనకి ఈ విద్యని బ్రెడ్డు ముక్కల మీద దోసకాయ చక్రాలు పెట్టి నేర్పుతారా, అదీ నాలుగున్నర వేలకి?

మర్నాడు ఆఫీసులో ఒక పాత ఫారం వెనక నా క్యాంపు కాగితం నేనే రాశాను. పేరు 'ఆవకాయ ఇమ్మర్షన్ ప్రోగ్రాం'. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల వరకు. మూడే సీట్లు.

మొదటి మాడ్యూలు, రైతు బజారు ఫీల్డ్ ట్రిప్. కాయ పట్టుకుని బిగువు చూడటం, తొడిమ దగ్గర సొన వాసన చూడటం, చిన్న ముక్క కొరికి ఒక కన్ను మూసుకోవటం. ఇది సెన్సరీ లెర్నింగ్. అమ్మేవాడు "పొద్దున్నే చెట్టు మీంచి దింపిన కాయలమ్మా" అంటాడు. నమ్మకపోవటం క్రిటికల్ థింకింగ్. సగానికి అడగటం నెగోషియేషన్. వాడు పొమ్మంటే పది అడుగులు నడిచి వెనక్కి తిరక్కుండా ఆగటం ఎమోషనల్ ఇంటెలిజెన్స్. ఇది పెద్దవాళ్లలో కూడా అందరికీ రాదు. మా వారు మూడో అడుగులోనే తిరుగుతారు.

రెండో మాడ్యూలు, కాయలు తుడవటం. నీళ్లలో కడిగి, పొడిగుడ్డతో ఒక్కొక్క కాయా తడి లేకుండా తుడిచి, మళ్లీ ఇంకో గుడ్డతో తుడిచి, ఆరబెట్టటం. ఫైన్ మోటార్ స్కిల్స్. ఒక్క బొట్టు తడి మిగిలినా జాడీకి బూజు పట్టి, ఏడాదంతా ఇల్లు మొత్తం ఆ మనిషి పేరే చెప్పుకుంటుంది. ఇంతకు మించి అకౌంటబిలిటీ ఏ కార్పొరేట్ కంపెనీ నేర్పుతుంది? ముక్కలు కొట్టటం బజారులో కత్తి పట్టుకు కూర్చునే మనిషి పని. టెంక రెండు చెక్కలై ప్రతి ముక్కకీ అంటుకుని ఉండేట్టు ఒక్క వేటులో కొడతాడు, వేళ్లు పదీ ఉన్నాయి. పిల్లలు దూరం నుంచి చూడాలి. ఇంటికొచ్చాక జీడి తీసి, లోపలి పొర గీకటం. తీసిన జీడిని రెండు వేళ్ల మధ్య నొక్కి "నా పెళ్లి ఎటు?" అని అడిగితే అది ఎటు ఎగిరిపడితే అటు. ఇది కెరీర్ గైడెన్స్ సెషన్.

మూడో మాడ్యూలు, కొలతలు. ఇక్కడ వేదిక్ మ్యాథ్స్ పనిచెయ్యదు. మా అత్తయ్యగారి లెక్కంతా ఒక స్టీలు గ్లాసుతో. దాని మీద మా మామగారి నాన్నగారి పేరు చెక్కి ఉంటుంది. ఆ గ్లాసుతో ఇన్ని ముక్కలకి ఆవపిండి ఇంత, కారం ఇంత, ఉప్పు అంతకన్నా "ఒక పిసరు" తక్కువ. పిసరంటే ఎంతో ఈ దేశంలో ఏ శంకరాచార్యులూ సూత్రం రాయలేదు.

నాలుగో మాడ్యూలు అన్నిటికన్నా కఠినం. కలిపి, జాడీకెత్తి, మూతికి గుడ్డ వాసెన కట్టి, మూడోనాడు తిరగకలిపే దాకా ముట్టుకోకపోవటం. స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ అనే పెద్దమనిషి 1970 ప్రాంతంలో చిన్నపిల్లల ముందు మార్ష్‌మాలో పెట్టి, పావుగంట తినకుండా ఉంటే రెండోది ఇస్తానని పరీక్ష పెట్టాడు. ఆ పరీక్ష మీద ఎన్ని పుస్తకాలొచ్చాయో. పావుగంటకి! ఇక్కడ మూడు రోజులు, ఇల్లంతా నువ్వులనూనె, ఆవఘాటు గుప్పుమంటుంటే, అదే గదిలో పడుకుని. మిషెల్‌గారు మా ఇంటికి వచ్చి ఉంటే ఆయన సిద్ధాంతం ఇంకో మెట్టెక్కేది.

చివరి రోజు గ్రాడ్యుయేషన్. కలిపిన బేసినులో అడుగున మిగిలిన గుజ్జులో వేడన్నం వేసి, నెయ్యి పోసి, ఒక్కొక్కరి చేతిలో ముద్ద. సర్టిఫికెట్టు చొక్కా మీదే పడుతుంది, ఉతికినా పోదు.

ఫీజు దగ్గర ఆగి, పది మంది పిల్లలైతే ఎంతొస్తుందా అని లెక్కలు కూడా వేశాను. ఉద్యోగం మానెయ్యొచ్చేమో అన్నంత దాకా వెళ్లాను. సాయంత్రం ఇంటికి రాగానే కాగితం చదివి వినిపించాను. అత్తయ్యగారు నవ్వుతారనుకున్నాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"పిల్లల్నా? ఆవకాయ దగ్గరికా? చెమట చేతులు, ఐస్‌క్రీము చేతులు, ముక్కులో పెట్టుకున్న చేతులు! ఆ గది గడప తొక్కనిస్తానా నేను? నువ్వొస్తానంటేనే నాకు గుండె దడ."

అదీ అసలు సంగతి. నన్ను మా అమ్మా రానివ్వలేదు, అత్తయ్యగారూ రానివ్వలేదు. నాకు ఈ రోజుకీ ఆవకాయ పెట్టటం రాదు. పైన రాసినదంతా గడప అవతల నిలబడి చూసి రాసినదే.

మా చిన్నప్పుడు ఈ క్యాంపులెక్కడివి, అమ్మమ్మ గారింటికి వెళితే చాలు, అన్నీ వాటంతటవే వచ్చేవి అని మా ఆఫీసులో రోజుకొకరైనా అంటారు. నేనూ అంటాను. రేపల్లె దగ్గర మా అమ్మమ్మ గారి ఊరు. ముగ్గురు పిన్నుల పిల్లలు, మేం, ఇల్లంతా మేమే. చెట్లెక్కటం, చెరువు, తాటిముంజలు, రాత్రి డాబా మీద వరసగా పక్కలు. అన్నీ గుర్తున్నాయి. అయితే ఈ మధ్య ఆ ఫీజుల కాగితాలు చూస్తుంటే, ఎప్పుడూ గుర్తురాని మనిషి గుర్తొస్తోంది. మా అత్త, అంటే మా మామయ్య భార్య. అప్పటికి ఆవిడకి ముప్ఫయ్యేళ్లు కూడా ఉండి ఉండవు. అంతమందికి పొద్దున్నే చద్దన్నాలు, మధ్యాహ్నం రెండు పంక్తులు, సాయంత్రం చేగోడీలు, రాత్రి మళ్లీ అన్నాలు, నీళ్లు తోడటం, దెబ్బలకి పసుపు, తలలకి నూనె. ఆడపడుచులు పుట్టింటికొచ్చేది విశ్రాంతి కోసం గనక వాళ్లు చాపల మీద కబుర్లు చెప్పుకునేవాళ్లు. రెండు నెలలూ ఆ క్యాంపు నడిపింది ఆవిడ ఒక్కతే. ఫీజు లేదు, పన్నెండున్నరకి వదిలేది లేదు. ఆ రెండు నెలలు ఆవిడ తన పుట్టింటికి ఎప్పుడు వెళ్లేదో నాకు తెలియదు. అడగాలని తోచలేదు. మేం వెళ్లిపోయేటప్పుడు గుమ్మంలో నిలబడి మా జేబుల్లో పది పది రూపాయలు కూడా ఆవిడే పెట్టేది. పది రూపాయలకి ఏం నేర్పుతారండీ అని లిఫ్టులో విన్నప్పట్నుంచీ అదొకటి నాకు గుచ్చుకుంటోంది.

సరే, క్యాంపు కుదిరింది. గొప్ప విచారణేమీ జరగలేదు. మా అపార్ట్‌మెంటు సెల్లారులో, అసోసియేషను మీటింగులు జరిగే హాల్లో, రెండో అంతస్తు అమ్మాయి ఒకామె 'ఆల్ ఇన్ వన్' పెట్టింది. రోబోలు లేవు, వేదాలు లేవు. పన్నెండున్నరకి పిల్లలు లిఫ్టెక్కి మా అంతస్తు అంకె నొక్కుకుని వాళ్లంతట వాళ్లే పైకొస్తారు. అదొక్కటే దానిలోని విశేషం. ఆ విశేషం చూసే మా బ్లాకులో సగం మంది పిల్లలు చేరారు. స్కేటింగు బూట్లు కొన్న వాళ్లతో సహా. మేలో అత్తయ్యగారు వెళ్లాక మధ్యాహ్నాలు ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు. పై ఫ్లాటు వాళ్లదీ మాదీ వారాలు పంచుకుందామా అన్న మాటలు లిఫ్టులో నడుస్తున్నాయి.

మూడు సీట్ల అమ్మాయికి ఫోను చేసి, ఈసారికి వద్దమ్మా అని చెప్పాను. "పర్లేదు మేడమ్, దసరా క్యాంపుకి ఇప్పుడే బుక్ చేసుకుంటే" అని మొదలుపెట్టింది.

మొదటి రోజు బాగానే గడిచింది. రాత్రి తొమ్మిదింటికి ఫోనులో మెసేజీ వచ్చింది. డియర్ పేరెంట్స్, రేపటి క్రాఫ్టుకి ఒక్కొక్కరికీ ఐస్‌క్రీము పుల్లలు ఇరవై, పాత సీడీ ఒకటి, ఖాళీ టాయిలెట్ రోల్ గొట్టాలు రెండు.

పుల్లలు స్టేషనరీ షాపులో దొరికాయి. సీడీ కోసం మా వారు మా పెళ్లి ఆల్బం పెట్టె తీస్తుంటే లాక్కున్నాను. ఇక గొట్టాలు. మా ఇంట్లో చెంబులున్నాయి, మగ్గులున్నాయి, నీళ్లు చిమ్మే చేతిపైపులున్నాయి. ఆ కాగితపు చుట్ట మా వంశంలో ఎవరూ కొని ఎరగరు. వాడకం వస్తువుగా కొనటం వేరు, ఖాళీ గొట్టం కోసం కొనటం వేరు. ఇద్దరు పిల్లలకి రెండేసి, మొత్తం నాలుగు చుట్టలు తొమ్మిదిన్నరకి సూపర్ మార్కెటు మూసేస్తుంటే తెచ్చారు. అప్పుడు తెలిసింది, ఒక్కొక్క చుట్ట విప్పితే ఎంత పొడుగో. పెద్దాడు ఒక చివర పట్టుకుని వంటింటి దాకా పరిగెత్తాడు, చిన్నది ఇంకో చివర పట్టుకుని బాల్కనీ దాకా. వాళ్లు ఆ రోజు క్యాంపులో అంత నవ్వి ఉండరు. పావుగంటలో సోఫా కనబడకుండా కాగితం గుట్ట పడింది.

గోలకి అత్తయ్యగారు లేచి గదిలోంచి వచ్చారు. గుట్టలోంచి కొంచెం తీసి, వేళ్లతో నలిపి, వెలుతురులో పెట్టి చూశారు.

"ఎంత మెత్తగా ఉందో! తడి ఇట్టే పీల్చేస్తుంది. మడిచి దాచమ్మాయ్, ఆదివారం కాయలు తుడవటానికి గుడ్డలకన్నా ఇదే నయం. అవునూ, మామూలుగా దీన్ని ఎందుకు వాడతారు?"

మా వారు టీవీ సౌండు పెంచారు.

"క్యాంపులకి, అత్తయ్యా" అన్నాను.